పెరట్లో కుమ్ములాటలు

పెరట్లో మేకలున్న ఇంట్లో తెల్లారగానే ‘టక్’మని ఓ చప్పుడు వినిపిస్తుంది. కొత్తగా పెంచుకునేవాళ్లు అప్పుడే కర్ర పట్టుకుని పరుగెత్తుతారు. నేను ముందు చెవి పెట్టి వింటాను. ఒకటో రెండో టక్కులు పడి, ఆ వెంటనే నమిలే చప్పుడు మొదలైతే తగువు తీరినట్టే. ఆగకుండా సాగుతున్నా, మధ్యలో మెత్తటి చోట ‘దబ్’మని తగిలినా లేవాలి. తలా తలా తగిలితే సాధారణంగా ఏమీ కాదు. డొక్కలో పొడిస్తేనే భయం. చూడి మేకైతే ఈసుకుపోవచ్చు కూడా.

పొట్టేలు కొట్లాటకీ మేక కొట్లాటకీ తేడా ఉంది. పొట్టేలు నాలుగడుగులు వెనక్కి వేసి ఊపుగా పరుగెత్తుకొచ్చి ఢీకొంటుంది. మేక ముంగాళ్లెత్తి, వెనక కాళ్ల మీద నిలబడి, తల కాస్త పక్కకు వాల్చి కిందికి దిగుతుంది. ఆ దిగడంలో కొమ్ములు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని, రెండూ చెరో పక్కకి గుంజుకుంటాయి. కొమ్ముకి అసలు ప్రమాదం ఈ గుంజులాటలోనే. కంచె వలలో తల దూర్చి వెనక్కి లాక్కున్నప్పుడూ అంతే. అందుకే మేకల దగ్గర పెద్ద గళ్ల వల నాకు నచ్చదు. తల లోపలికి పోతుంది, కొమ్ములతో బయటికి రాదు.

మా పక్కింటి పిల్లాడికి ఓ సరదా ఉంది. మేకపిల్ల నుదుటి మీద అరచెయ్యి ఆన్చి నెడతాడు. అది తిరిగి నెడుతుంది. ‘‘చూడు పెద్దమ్మా, ఎంత బలమో దీనికి!’’ అని మురిసిపోతాడు. ‘‘నెట్టకురా నాయనా, గడ్డం కింద గోకు’’ అని చెబుతూనే ఉంటాను. పిల్లప్పుడు ముచ్చటే. అదే రేపు పోతయ్యి, మదమెక్కిన కాలంలో దాణా గిన్నె పట్టుకెళ్లిన మనిషి మోకాలి వెనక ఒక్క పోటు పొడిస్తే తెలుస్తుంది. సంక్రాంతికి పొట్టేళ్ల పందేలు కట్టే ఊళ్లున్నాయి కదా. వినోదం కోసం జంతువుల్ని కొట్లాటకు ఉసిగొల్పడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరం. పెరట్లో అరచేత్తో మనం చేసేదీ ఉసిగొల్పడమే, కాకపోతే పోలీసులు రారు.

కుమ్ముకోవడం మాన్పించాలని చూడటం వృథా. మందలో ఎవరు ముందు తినాలో, ఎవరు ఎత్తు మీద పడుకోవాలో అవి అలాగే తేల్చుకుంటాయి. మన చేతిలో ఉన్నది చోటు. ఒకే తొట్టిలో దాణా పోసి అన్నిటినీ దాని మీదికి వదిలితే ఆ కొట్లాట మనం పెట్టిందే. తొట్లు విడివిడిగా, దూరంగా పెట్టాలి. సుబాబుల్, అవిశ మండలు ఒకే గుంజకి కాకుండా నాలుగు చోట్ల వేలాడదీయాలి. దొడ్డిలో మూలలు లేకుండా చూసుకోవాలి, ఉంటే ఆ మూలకి రెండో దారి తెరవాలి. ఓడిన మేక పారిపోవాలనుకుంటుంది, దారి లేకపోతేనే దెబ్బ మీద దెబ్బ తింటుంది. సంతలో కొన్న కొత్త మేకని కొన్నాళ్లు కంచెకి అవతల కట్టి, వాసన అలవాటయ్యాక కలపాలి. పలుపుతో కట్టేసిన మేక మధ్యకి విడి మేకల్ని మాత్రం వదలొద్దు.

ఇంత చేసినా కొమ్ము విరుగుతుంది. మేక కొమ్ము దుప్పి కొమ్ములా రాలి మళ్లీ మొలిచేది కాదు. లోపల నుదుటి ఎముకే కొమ్ముగా సాగి ఉంటుంది. దాని మీద మన గోరు ఏ పదార్థమో అదే పదార్థంతో తొడుగు. రెంటి మధ్యా రక్తనాళాలు. కొన చిట్లితే రక్తం కూడా రాదు, పదునుగా ఉంటే ఆకురాయితో కాస్త రుద్దితే చాలు. తొడుగు ఊడితే కంగారు పుడుతుంది. గులాబీ రంగు ఎముక గరుకుగా బయటపడి, చుక్కలు చుక్కలుగా రక్తం ఊరి కంటి మీదికి కారుతుంది. శుభ్రమైన గుడ్డ వేసి పది నిమిషాలు అదిమి పట్టాలి. ఆగిందా లేదా అని మాటిమాటికీ గుడ్డ ఎత్తి చూస్తే ఆగదు. ఆగాక అయోడిన్ మందు పూసి, చుట్టూ ఈగలు వాలకుండా పశువుల స్ప్రే కొట్టాలి. వానాకాలంలో ఇది ఒక్క పూట ఆలస్యమైనా పుండుకి పురుగు పట్టొచ్చు. వేలాడుతున్న కొమ్ముని మెలితిప్పి పీకే ధైర్యవంతులున్నారు, వాళ్లకి మేకని అప్పగించకండి.

కొమ్ము మొదలు దగ్గరే విరిగితే ఇంటి వైద్యం పనికిరాదు. పెద్ద మేకల్లో నుదుటి ఎముకలోని గాలి గది కొమ్ము లోపలిదాకా ఉంటుంది. కొమ్ము మొదలంటా పోతే ఆ గదికి తలుపు తెరిచినట్టే. పసుపు, బూడిద, కిరోసిన్ ఏదీ ఆ రంధ్రంలో వెయ్యకూడదు, నీళ్లు పోసి కడగకూడదు. పైన గాజుగుడ్డ కప్పి డాక్టర్ని పిలవాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పశువుల అంబులెన్సుకి నంబరు 1962. ధనుర్వాతం ఇంజక్షన్ మాట మనమే గుర్తుచెయ్యడం మంచిది, ఎందుకంటే మేకలకి ఆ జబ్బు తేలిగ్గా వస్తుంది. తర్వాతి రోజుల్లో తల ఒక పక్కకి వాల్చినా, ఒక ముక్కులోంచే చీము కారినా, దుర్వాసన వచ్చినా మళ్లీ చూపించాలి. కాళ్లు బిగుసుకుని, దవడ తెరవలేకపోతే ఇక ఒక్క పూట కూడా ఆగొద్దు.

ఈ బాధంతా ఎందుకు, పిల్లప్పుడే కొమ్ము మొగ్గ కాల్పించెయ్యమనే సలహాలూ వస్తుంటాయి. పుట్టిన రెండు వారాల్లోపు, తెలిసిన చేత్తో, మత్తిచ్చి చెయ్యాల్సిన పని అది. మేకపిల్ల పుర్రె పలచన, కాల్పు కాస్త ఎక్కువైతే వేడి మెదడుకి తగులుతుంది. మన ఎండల్లో ఒంటి వేడి బయటికి పోవడానికి కొమ్ములూ సాయపడతాయి. నేను చేయించను.

ఇక అమ్మకం సంగతి. బక్రీదుకి కొనేవాళ్లు ముందు పళ్లు చూస్తారు, తర్వాత చెవులు, కొమ్ములు తడుముతారు. కొమ్ము పోయిన పోతుకి బేరం తెగదు. పాడి కోసమో, ముచ్చటకో పెంచుకునేవాళ్లకి ఆ చింత లేదు. ఎందుకు పెంచుకున్నా, గాయపడ్డ మేకని మాత్రం మంద కంటికి కనపడకుండా దాచొద్దు. నెల తర్వాత తెచ్చి వదిలితే కొత్తదాన్ని చూసినట్టే చూసి మళ్లీ మొదలుపెడతాయి. పక్కనే తడిక అడ్డం కట్టి, దానితో ఎప్పుడూ అంటిపెట్టుకుని తిరిగే మేకని తోడు ఉంచితే సరి.