జబ్బ కొలిచే చెయ్యి

బంటుమిల్లి చుట్టుపక్కల నాట్ల రోజుల్లో తల్లులు పొద్దున్నే చేలకి వెళ్లిపోతే, మూడు నాలుగేళ్ల పిల్లలు అంగన్‌వాడీలో ఉంటారు. అక్కడి ఆటపాటలూ, అన్నమూ, గుడ్డూ అందరికీ తెలిసినవే. నాకు ముచ్చటేసేది టీచరమ్మ బిడ్డ జబ్బ కొలిచే తీరు. ఎడమ చెయ్యి మడిపించి, భుజం చివరికీ మోచేతికీ సరిగ్గా నడుమ గుర్తు పెడుతుంది. తర్వాత చెయ్యి కిందికి వేలాడనిచ్చి టేపు చుడుతుంది. బిగిస్తే కండ నొక్కుకుని కొలత తగ్గుతుంది, వదులైతే పెరుగుతుంది. అందుకే టేపు ఒంటికి ఆనాలి, నొక్కకూడదు. పైగా ఆ బిడ్డ కుదురుగా ఉండడు. కబుర్లతో వాడి ధ్యాస మళ్లిస్తూనే అంకె చదవాలి. టేపు మీద 12.5 సెంటీమీటర్లు, ఆపైన అయితే ఆకుపచ్చ రంగు. 11.5కి తగ్గితే ఎరుపు, వెంటనే ఆస్పత్రిలో చూపించాలి. నడుమది పసుపు.

తూకమూ అంతే. ముందు ముల్లు సున్నా మీదికి తెస్తుంది. రెండేళ్ల లోపు వాళ్లని పడుకోబెట్టి పొడవు, అంతకంటే పెద్ద పిల్లల చేత చెప్పులు విప్పించి ఎత్తు చూస్తుంది. నెలనెలా బరువుకి చార్టులో పెట్టిన చుక్కలు కలిపితే గీత పైకి పోవాలి. అడ్డంగా సాగిందా, బిడ్డ ఎంత హుషారుగా ఉన్నా ఆమె వదిలిపెట్టదు. సాయంత్రం తల్లి రాగానే పక్కకి పిలిచి, నలుగురి ముందూ చిన్నబుచ్చకుండా అడుగుతుంది: “ఏమ్మా, మధ్యలో జ్వరం గానీ వచ్చిందా? రాత్రిళ్లు ఏం పెడుతున్నావు?”