గోడలోంచి వాగు పోవాలి

కోట కట్టేవాడికి కొండతో అంత ఇబ్బంది లేదు, చదును నేలతోనూ లేదు. కొండ మీద గోడ లేపొచ్చు, చదును నేల మీద కందకం తవ్వొచ్చు. గోడ దారికి వాగు అడ్డం వచ్చినప్పుడే ఎటూ పాలుపోదు. వాగును మూసేస్తే మొదటి పెద్దవానకే నీళ్లు గోడను తోసుకుపోతాయి. తెరిచి ఉంచితే ఆ సందులోంచే శత్రువు లోపలికొస్తాడు.

ఈ చిక్కుకి నేను చూసినవాటిలో గొప్ప జవాబు దక్షిణ ఢిల్లీలో, ఖిడ్కీ ఊరి పక్కనున్న సాత్‌పులా. మా ఇందిరాపురం నుంచి వెళ్లాలంటే వైశాలిలో మెట్రో ఎక్కి, రాజీవ్ చౌక్‌లో మారి, మాలవీయ నగర్‌లో దిగాలి. చుట్టాలు ఎవరొచ్చినా కుతుబ్ మీనార్ అంటారు. నేను ముందు ఇక్కడికి తీసుకెళ్తాను.

మహమ్మద్ బిన్ తుగ్లక్ అప్పటి పాత ఢిల్లీనీ సిరి నగరాన్నీ కలిపి జహాఁపనా పేరుతో చుట్టూ గోడ కట్టించాడు. 1340 ప్రాంతంలో, ఆ గోడ వాగును దాటే చోట ఈ కట్టడం లేచింది. ఏడు పెద్ద కమానులు, పక్కన కాస్త ఎత్తులో మరో నాలుగు చిన్నవి, రెండు చివర్లా బరువైన అష్టభుజి బురుజులు. దాటడానికి ఇదే వంతెన, కాపలాకి ఇదే కోటగోడ, పొలాలకి ఇదే ఆనకట్ట.

అసలు పనితనం స్తంభాల్లోని నిలువు గాడుల్లో ఉంది. తలుపులు ఆ గాడుల్లో జారేవి. దించితే నీళ్లు నిలిచేవి, ఎత్తితే పొలాలకు పారేవి. గాడిలో చెయ్యి పెట్టి కింది నుంచి పైకి తడిమితే మేస్త్రీ పడ్డ కష్టం తెలుస్తుంది. రాతిముక్కల్ని సున్నంలో కూర్చి కట్టిన గోడ అది. అలాంటి గోడలో గాడి ఎక్కడ వంకరపోయినా నిండు నీటి ఒత్తిడికి తలుపు బిగుసుకుపోతుంది. వరద ముంచుకొచ్చే వేళ తలుపు లేవకపోతే ఇక గోడ దక్కదు. తూకంగుండు వేలాడదీసి వరస వరసకీ సరిచూసుకుంటూ కట్టిన పని తప్ప మరొకటి ఇక్కడ నిలబడదు.

పాకాల, రామప్ప చెరువుల కట్టలు చూసి పెరిగిన కళ్లకి ఇదేమీ పరాయిది కాదు. ఇది తూమే, మత్తడే. కాకపోతే దాని నెత్తిన సైన్యం కాపలా ఉండేది.

కట్టించిన మనిషి కూడా మనకి కొత్తవాడు కాదు. సుల్తాను కాకముందు ఉలుగ్ ఖాన్ పేరుతో ఓరుగల్లు మీదికొచ్చింది ఈయనే. మొదటిసారి విఫలమై, 1323లో మళ్లీ వచ్చి కోటను పట్టుకున్నాడు. బందీగా ఢిల్లీకి తరలిస్తుండగా ఓరుగల్లు రాజు ప్రతాపరుద్రుడు నర్మద ఒడ్డున ప్రాణాలొదిలాడు. వరంగల్లులో పుట్టినవాణ్ణి, ఈ వాక్యం రాయడం నాకిప్పటికీ తేలిక కాదు. ఆ కోటని ఆషామాషీగా కట్టలేదు. బయట మట్టికోట, లోపల కందకం, ఆ లోపల సున్నం ఊసే లేకుండా రాయికి రాయి అతికిన నల్లరాతి గోడ, దానికి 45 బురుజులు. అంతకుముందు 1310లో మాలిక్ కాఫర్ ముట్టడి గురించి రాసిన అమీర్ ఖుస్రో, ఆ మట్టిగోడలో ఉక్కు బల్లెం కూడా దిగదన్నాడు. శత్రువు పక్షాన ఉన్నవాడి మాట కాబట్టి దానికి విలువ ఎక్కువ.

అయినా సాత్‌పులా ముందు నిలబడితే నాకు కోపం రాదు. కట్టిన చేతులు సుల్తానువి కావు కదా.

రాయి ఎంత నొక్కుడునైనా ఓర్చుకుంటుంది గానీ లాగుడుకి తట్టుకోలేదు. అందుకే కమాను. పైబరువు రాయి నుంచి రాయికి నొక్కుకుంటూ పక్కలకి దిగుతుంది. ఆ తోపుని చివర ఎవరో ఒకరు ఆపాలి. రెండు చివర్ల బురుజులు కాపలాతో పాటు ఆ పనీ చేస్తాయని నా నమ్మకం. 1578లో ఇబ్రహీం కుతుబ్ షా మూసీ మీద కట్టించిన పురానాపూల్‌దీ కమానుల బలమే. 1908 వరదని అది తట్టుకుంది. మా ఇందిరాపురం పక్కనుంచి పోయే హిండన్ ఎలివేటెడ్ రోడ్డుకి ఈ బెంగ లేదు. కాంక్రీటులోని ఉక్కు లాగుడుని చూసుకుంటుంది కాబట్టి పది కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు ఒంటి స్తంభాల మీద నిలిచింది. అదీ గొప్ప పనే. కానీ అది బండ్లని మాత్రమే దాటిస్తుంది. కింద పడిన వాన ఎటు పోవాలో దానికి పట్టదు, అది వేరే శాఖ పని. నీళ్లనీ, దారినీ, కాపలానీ ఒక్క కట్టడంలో కలిపి ఆలోచించిన ఆ మేస్త్రీలు నాకు అందుకే పెద్దవాళ్లు.

ఇప్పుడు సాత్‌పులా కమానుల కింద వాగు లేదు. అందుకే చూసినవాళ్లు ఇదేదో పాడుబడ్డ వంతెన అనుకుని వెళ్లిపోతున్నారు. ఏడింట్లో ఒక్క ఖానాకైనా కర్ర తలుపు చేయించి, గాడిలో దించి, ఎత్తి చూపించే ఏర్పాటు చేస్తే బాగుంటుంది. రాతికి దెబ్బ తగలకుండా చేయగల వడ్రంగులు ఉన్నారు. చుట్టుపక్కల బడి పిల్లలు తాడు లాగి తలుపు ఎత్తితే, నీళ్లు లేకపోయినా సంగతి అర్థమవుతుంది.