ఇష్టం నుంచి విమర్శ దాకా: జాజ్ రికార్డులు, శ్రోతల చర్చ

ఉద్దేశం

ఈ భాగం చదివిన తరువాత మీరు:
- జాజ్ శ్రోతల చర్చ నుంచి విమర్శ ఎలా రూపుదిద్దుకుందో వివరించగలుగుతారు.
- ఒక రికార్డు మీకు ఎందుకు నచ్చిందో ఆధారాలతో చెప్పగలుగుతారు.
- రికార్డులపై ఆధారపడిన అభిరుచికి ఉన్న పరిమితులను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

'నాకు ఈ పాట ఇష్టం' అని మీరు అన్నప్పుడు మీతో ఎవరూ వాదించరు. 'ఎందుకు?' అని అడిగినప్పుడే చిక్కు వస్తుంది. అభిరుచికి కారణం చూపించవచ్చా అన్నది విమర్శలో పాత ప్రశ్న. దీనికి జాజ్ శ్రోతలు తమదైన సమాధానం ఇచ్చారు. జాజ్‌లో వాద్యకారుడు అప్పటికప్పుడు కల్పించి వాయిస్తాడు. ఆ కల్పన మళ్లీ అదే రూపంలో రాదు. రికార్డు మాత్రం దాన్ని పట్టి ఉంచుతుంది. అందువల్ల ఒకే క్షణాన్ని పదిమంది పదేపదే విని, దాని గురించి మాట్లాడుకోవడం సాధ్యమైంది.

2. శ్రోతల బృందాలు

1932లో పారిస్‌లో హాట్ క్లబ్ ద ఫ్రాన్స్ ఏర్పడింది. అప్పటి పది అంగుళాల డిస్కు ఒక్కో వైపున సుమారు మూడు నిమిషాల సంగీతమే పట్టేది. లేబుల్ మీద తరచు బృంద నాయకుడి పేరు మాత్రమే ఉండేది. సోలో వాయించినది ఎవరో శ్రోతలు చెవితోనే పోల్చుకోవాలి. ఇలా సేకరించిన వివరాలతో ఆ క్లబ్బుకు చెందిన షార్ల్ దెలొనే 1936లో 'హాట్ డిస్కోగ్రఫీ' ప్రచురించారు. అంటే వాద్యకారుల పేర్లు, తేదీలు ఉన్న జాబితా అన్నమాట. అభిమానం పరిశోధనగా మారిందని చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ.

జపాన్‌లో 'జాజ్ కిస్సా' అనే కాఫీ దుకాణాలు వెలిశాయి. దిగుమతి డిస్కులు కొనలేనివారు ఒక కప్పు కాఫీ ధరకు అక్కడ కూర్చుని వినేవారు. చాలాచోట్ల సంగీతం నడుస్తుండగా మాట్లాడటం నిషేధం. ముందు శ్రద్ధగా వినడం, తరువాత మాట్లాడటం అనే క్రమాన్ని మీరు ఇక్కడ గమనించండి.

3. ఒక రికార్డు పరిశీలన

మైల్స్ డేవిస్ ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ' 1959 మార్చి 2, ఏప్రిల్ 22 తేదీల్లో న్యూయార్క్‌లో రికార్డయింది. ఇందులో మొదటిది 'సో వాట్'. 'ఇది ప్రశాంతంగా ఉంటుంది' అనడం అభిప్రాయం. ఆ ప్రశాంతత ఎక్కడిది అని వెతకడం విమర్శ.

సాధారణంగా ఆ కాలపు జాజ్‌లో స్వరమేళనాలు త్వరత్వరగా మారుతుంటాయి. ఇక్కడ 32 బార్లలో మొదటి 16 ఒకే స్వరశ్రేణిపై నిలుస్తాయి. తరువాతి 8 బార్లకు అదే శ్రేణి అర స్వరం పైకి జరుగుతుంది. చివరి 8 బార్లకు మొదటి స్థానానికి తిరిగి వస్తుంది. ఇలా వాద్యకారుడికి తీరిక దొరికింది. ఆ తీరికనే మనం ప్రశాంతత అంటున్నాం.

కర్ణాటక సంగీతం తెలిసిన మీరు ఆ శ్రేణిలో ఖరహరప్రియ స్వరాలను పోల్చుకుంటారు. పోలిక సరైనదే, కాని అక్కడితో ఆగకూడదు. ఇందులో రాగ గమకాలు లేవు. పైగా మన కచేరీలో రాగం నడుమ ఆధార శ్రుతి పైకి జరగదు. తెలిసిన దానితో పోల్చడం వినడానికి తలుపు తెరుస్తుంది. 'ఇదీ మన రాగమే' అని తేల్చేస్తే ఆ తలుపు మూసుకుంటుంది.

ఇప్పుడు సోలోల వరుస వినండి. డేవిస్ ట్రంపెట్‌పై తక్కువ స్వరాలు వాడి, వాటి మధ్య మౌనం ఉంచారు. వెంటనే జాన్ కోల్ట్రేన్ టెనర్ శాక్సఫోన్‌తో ఆ ఖాళీని దట్టంగా నింపారు. తరువాత కానన్‌బాల్ యాడర్లీ ఆల్టో శాక్సఫోన్ బ్లూస్ ఛాయతో హుషారుగా సాగుతుంది. ఒక శ్రోతకు డేవిస్, మరొకరికి కోల్ట్రేన్ ఇష్టం కావచ్చు. ఇద్దరూ రికార్డులో ఫలానా చోటును వేలితో చూపించగలిగితే వాదం పంతంగా మిగలదు. ఒకరు విన్నది రెండోవారికీ వినిపిస్తుంది. చర్చకు ఫలితం ఇదే.

4. పరిమితులు

మొదటిది: రికార్డు కూడా పొరబడవచ్చు. మార్చి 2న టేపు యంత్రం కొంచెం నెమ్మదిగా తిరిగింది. దాంతో డిస్కు మొదటి వైపున ఉన్న మూడు రచనలూ అసలుకన్నా కొద్దిగా వేగంగా, హెచ్చు శ్రుతిలో వినిపించాయి. 1990లలో వచ్చిన పునర్ముద్రణల్లో దీన్ని సరిదిద్దారు. మరి అంతకుముందు దశాబ్దాల పాటు కలిగిన ఆనందం అబద్ధమా? కాదు. అయితే మనం ప్రేమించినది ఆ వాదనాన్నా, ఆ డిస్కునా అని ఆలోచించక తప్పదు.

రెండవది: లేబుల్ మీద ఉన్న పేరే తుదిమాట కాదు. 'బ్లూ ఇన్ గ్రీన్' రచయితగా డేవిస్ పేరు అచ్చయింది. అది తన రచన అని పియానో వాయించిన బిల్ ఎవాన్స్ చెప్పారు.

మూడవది అన్నిటికన్నా ముఖ్యం. న్యూ ఓర్లీన్స్‌లో తొలితరం కార్నెట్ వాద్యకారుడిగా పేరుపొందిన బడ్డీ బోల్డెన్ వాదనం ఒక్క రికార్డులోనూ మనకు దక్కలేదు. 'అత్యుత్తమ రికార్డులు' అనే ఏ జాబితాలోనూ ఆయన ఉండరు. జాబితా చెప్పేది సంగీత చరిత్ర మొత్తం కాదు, అందులో నిలిచిన భాగం మాత్రమే.

5. సారాంశం

ఇష్టం వ్యక్తిగతం. దానికి ఆధారం చూపినప్పుడు అది పదిమందిదీ అవుతుంది. మంచి శ్రోత ఎదుటివారిని ఓడించడానికి వాదించడు. తాను విన్నది వారికీ వినిపించాలని, వారు విన్నది తనకూ వినపడాలని వాదిస్తాడు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. అభిప్రాయానికి, విమర్శకు గల భేదాన్ని 'సో వాట్' ఆధారంగా వివరించండి.
2. రికార్డు మీద ఆధారపడటంలోని పరిమితులు ఏవి?
3. మీకు నచ్చిన ఏదైనా రికార్డును మూడుసార్లు విని, నచ్చిన చోటును నిమిషాలతో సహా గుర్తించి, కారణాన్ని పది వాక్యాల్లో రాయండి. దాన్ని మరొకరికి వినిపించి, వారి మాటనూ చేర్చండి.