పది మాటలు చదివే గొంతు

వృద్ధాప్యంపై పరిశోధన అంటే చాలామందికి లావుపాటి నివేదికలే గుర్తొస్తాయి. నాకు మాత్రం గుమ్మంలో చెప్పులు విడిచి, మంచం పక్కకి స్టూలు లాక్కుని కూర్చునే సర్వే అమ్మాయి గుర్తొస్తుంది. ముంబయిలోని జనాభా అధ్యయన సంస్థ ఐఐపీఎస్ హార్వర్డ్, సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలతో కలిసి 2017–18లో నడిపిన వృద్ధాప్య సర్వే ‘లాసీ’ 45 ఏళ్లు దాటినవాళ్లనీ, వాళ్ల జీవిత భాగస్వాములనీ కలిపి 72 వేలకు పైగా మందిని పలకరించింది ఇలాంటివాళ్ల నోటితోనే. జార్ఖండ్ కూడా అందులో ఉంది. జ్ఞాపకశక్తి పరీక్షకి పది మాటలు చదవాలి. తొందర పడకూడదు, ఏ మాటనీ ఒత్తి పలకకూడదు. ఎన్ని గుర్తున్నాయో వెంటనే అడిగి, కాసేపు వేరే ప్రశ్నల్లో పడేసి, మళ్లీ అడగాలి. జంషెడ్‌పూర్ కదమాలో ఓ తెలుగు బామ్మ ఎదురైతే పని ఇంకా సున్నితం. వంటింట్లో తెలుగు, బజార్లో హిందీ. ఏ భాషలో తడబడితే దాన్ని మతిమరుపు అనాలి? పక్కనుంచి కోడలు మాట అందించబోతే నవ్వుతూనే ఆపాలి. ఉక్కు కార్ఖానాలో రిటైరైన తాతగారు పిడికిలి బలం కొలిచే పరికరం చేతికిస్తే పళ్లు బిగించి మరీ పిండుతారు. 4 మీటర్ల నడకంటే పరుగుపందెం అనుకుంటారు. “రోజూ నడిచినట్టే నడవండి తాతగారూ” అని పౌరుషం దెబ్బతినకుండా చెప్పడం ఏ శిక్షణ పుస్తకంలోనూ దొరకని విద్య. 2021 జనవరిలో విడుదలైన నివేదికలో ఈ ఓపిక అంకెలై కూర్చుంది. అన్నీ సర్దుకుని ఆ అమ్మాయి చెప్పులు వేసుకునే వేళకి బామ్మకి ఎనిమిదో మాట గుర్తొస్తుంది. లెక్కలో వేయడానికి వీల్లేదు. అయినా వెనక్కి తిరిగి, విని, నవ్వుతుంది.