ముందు నీరు, తరువాత మందు

ఖమ్మం నగరంలో కలిసిపోయిన ఖానాపురం హవేలిలో ఇప్పుడు పొలం గట్ల కంటే కాలనీ గోడలే ఎక్కువ. ఆ ఇళ్ళ ముందుగదుల్లో గాజుతొట్టి, అందులో నాలుగు గోల్డ్‌ఫిష్‌లు ఉండటం మామూలైపోయింది. అవి తెచ్చిన కొద్ది రోజులకే చనిపోవడమూ అంతే మామూలైంది. ఒక చేప పక్కకు ఒరుగుతుంది. దుకాణానికి పరుగెత్తి నీలం సీసా ఒకటి, పసుపు సీసా ఒకటి తెచ్చి రెండూ పోస్తారు. మర్నాటికి మిగిలినవీ పోతాయి.

ఈ జిల్లాలో ఇలా జరగనక్కర్లేదు. పాలేరు, వైరా జలాశయాలు, ఊరూరా చెరువులు ఉన్న నేల ఇది. ముదిరాజ్, గంగపుత్ర, బెస్త కుటుంబాలు తరతరాలుగా చేపను చూసి నీటి సంగతి, నీటిని చూసి చేప సంగతి చెప్పగలిగినచోటు. కూసుమంచి మండలం పాలేరులో మత్స్య పరిశోధన కేంద్రం కూడా ఉంది. చెరువు గట్టున పుట్టిన వైద్యానికి గాజుతొట్టి పరాయిది కాదు. దాని మూలసూత్రం ఒక్కటే: చేపకు జబ్బు చేస్తే ముందు నీటికి వైద్యం చెయ్యాలి.

తెల్లవారుజాము పరీక్ష

చెరువును నమ్ముకున్నవాళ్ళు పొద్దు పొడవకముందే గట్టు మీదికి వస్తారు. చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయా అని చూస్తారు. పగలు ఎండలో నాచు, మొక్కలు నీటికి ప్రాణవాయువును ఇస్తాయి. రాత్రి అవి కూడా చేపలతో పాటు దాన్ని పీల్చుకుంటాయి. అందుకే సూర్యోదయానికి ముందు నీటిలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. వేకువన పైకి తేలి, ఎండెక్కేసరికి సర్దుకుంటే అది రోగం కాదు, గాలి చాలకపోవడం. రోజంతా తేలుతుంటే మాత్రం నీటిలో విషమైనా ఉండాలి, మొప్పల్లో పురుగైనా ఉండాలి.

తొట్టికీ ఈ పరీక్ష పనికొస్తుంది. 25 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలదు. 35 డిగ్రీలకు చేరితే అది 7 మిల్లీగ్రాములకు పడిపోతుంది. అదే సమయంలో వేడికి చేప ఒంట్లో ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. ఖమ్మం, భద్రాచలం వైపు మే నెల ఎండలు తెలిసినవారికి ఇక వేరే చెప్పక్కర్లేదు. వేసవిలో తొట్టిలో చేపల సంఖ్య తగ్గించాలి, గాలి పంపు రాత్రంతా నడపాలి.

మరో ప్రశ్న కూడా అడగాలి. అన్ని చేపలూ ఒకేసారి నలతగా ఉన్నాయా, ఒకదాని తర్వాత ఒకటి పడుతున్నాయా? ఒక్కసారిగా అన్నీ పడితే తప్పు నీటిది. ఒకటొకటిగా పడితే అంటురోగాన్ని అనుమానించాలి. ఈ తేడా గుర్తిస్తే సగం వైద్యం అయినట్టే.

మొప్ప చెప్పే మాట

చేపల బజారులో మొప్ప ఎత్తి చూడకుండా మనవాళ్ళు బేరం ఆడరు. బతికున్న చేపకూ అదే పరీక్ష. విసురువలతో నాలుగు చేపలు పట్టి, మొప్ప మూత మెల్లగా ఎత్తి చూస్తారు. నిండు ఎరుపు ఆరోగ్యం. పాలిపోతే రక్తహీనత, సాధారణంగా పరాన్నజీవుల పని. జిగురు దట్టంగా పట్టి ఉంటే మొప్పల్ని ఏదో రాపిడి పెడుతోంది. అక్కడక్కడ తెల్లగా చివికితే మొప్పల కుళ్ళు. గోధుమరంగుకు తిరిగితే నీటిలో నైట్రైట్ పెరిగి, రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితికి వచ్చింది.

తొట్టిలో చిన్నచేపను పట్టి మొప్ప ఎత్తలేం, కనుక నడవడిక చూడాలి. రాళ్ళకు, గాజుకు ఒళ్ళు రుద్దుకుంటే పురుగు. రెక్కలు ముడుచుకుని మూలన నిలబడితే ఇబ్బంది మొదలైంది. రెక్కల అంచులు చిరిగి చివికితే రెక్కకుళ్ళు. ఒళ్ళు ఉబ్బి పొలుసులు నిక్కబొడుచుకుంటే మూత్రపిండాలు దెబ్బతిన్నట్టే. ఈ దశ నుంచి తేరుకునే చేపలు చాలా తక్కువ. ఒక హెచ్చరిక: మగ గోల్డ్‌ఫిష్‌కు జతకట్టే కాలంలో మొప్ప మూతల మీద, ముందురెక్కల అంచున చిన్న తెల్లని బొడిపెలు వస్తాయి. అది రోగం కాదు. దానికి మందు పోస్తే ఆరోగ్యంగా ఉన్న చేపను మనమే రోగిని చేసినట్టు.

నీటి వైద్యం

చేప విసర్జించేది, మిగిలిన మేత కుళ్ళి తయారయ్యేది అమ్మోనియా. ఫిల్టర్లో, గులకరాళ్ళలో స్థిరపడిన బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. కొత్త తొట్టిలో ఈ బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొత్త తొట్టిలో చేపలు పోవడానికి తొలి కారణం ఇదే.

అమ్మోనియా ఎంత విషం అన్నది నీటి పీహెచ్‌ను బట్టి మారుతుంది. 25 డిగ్రీల వద్ద పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపం ఒక శాతం కూడా ఉండదు. పీహెచ్ 8 అయితే 5 శాతం దాటుతుంది. 9కి చేరితే 36 శాతం. బోరునీరు చాలాచోట్ల కఠినంగా, పీహెచ్ ఎక్కువగా ఉంటుంది. అలాంటి నీటిలో ఒక గుప్పెడు మేత ఎక్కువ వేసినా ప్రాణం మీదికి వస్తుంది.

అందుకే చేప నలతగా కనిపించగానే చెయ్యాల్సిన మొదటి పని మేత ఆపడం. ఆరోగ్యంగా పెరిగిన పెద్దచేప రెండు మూడు రోజులు తినకపోయినా ఏమీ కాదు. రెండోది, నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకు నీరు మార్చడం. మొత్తం నీరు ఒక్కసారి మార్చకూడదు. పీహెచ్, వేడి ఒక్కసారిగా మారితే ఆ దెబ్బే చేపను చంపుతుంది. మిషన్ భగీరథ నీరు క్లోరిన్ కలిపి వస్తుంది. వెడల్పు మూతి తొట్టిలో ఒకరోజు ఉంచాలి, లేదా దుకాణంలో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వాడాలి. రాగి బిందెలో నిలవ ఉంచిన నీరు మనకు మంచిదని పేరు. చేపకు రాగి విషం, ఆ నీరు పోయకూడదు. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడిగితే మేలు చేసే బ్యాక్టీరియా క్లోరిన్‌కు చచ్చిపోతుంది. తొట్టిలోంచి తీసిన నీటిలోనే దాన్ని పిండాలి.

ఉప్పు, సున్నం, పర్మాంగనేట్

ఈ మూడూ చెరువు గట్టు మందులు. అందులో ఇంటి తొట్టికి మొదటిది ఉప్పు. మంచినీటి చేప ఒంట్లో బయటి నీటిలో కంటే ఉప్పు ఎక్కువ. బయటి నీరు ఎప్పుడూ లోపలికి చొరబడుతుంటే, చేప దాన్ని బయటికి తోడుతూనే ఉంటుంది. జబ్బు చేసిన చేపకు ఆ శ్రమ భారమవుతుంది. నీటిలో కాస్త ఉప్పు కలిపితే ఆ భారం తగ్గుతుంది. ఉప్పులోని క్లోరైడ్, మొప్పల దగ్గర నైట్రైట్‌ను లోపలికి పోనివ్వదు. కొన్ని పరాన్నజీవులు ఉప్పుకు తట్టుకోలేవు.

కొలత లేకుండా వేసేది వైద్యం కాదు. తొట్టి పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి వెయ్యితో భాగిస్తే లీటర్లు వస్తాయి. 60, 30, 30 కొలతల తొట్టికి 54 లీటర్లు. రాళ్ళు, పైన ఖాళీ తీసేస్తే సుమారు 45. లీటరుకు 2 గ్రాముల చొప్పున 90 గ్రాముల దొడ్డు ఉప్పు. దాన్ని విడిగా నీటిలో కరిగించి, ఒక రోజులో మూడు దఫాలుగా పోయాలి. ఉప్పు ఆవిరైపోదు. కనుక ఆవిరైన నీటికి బదులు మామూలు నీరే పోయాలి. పది లీటర్లు తీసి మార్చినప్పుడు ఆ పదికి సరిపడా 20 గ్రాములే కలపాలి. మొక్కలకు, పొలుసుల్లేని చేపలకు ఉప్పు పడదు. వాటిని వేరుచేయాలి.

సున్నం చెరువుకు మేలు. అడుగు బురదను శుభ్రం చేస్తుంది, పీహెచ్‌ను నిలబెడుతుంది. అయితే పైన చెప్పిన అమ్మోనియా లెక్క గుర్తుంచుకోండి. అమ్మోనియా ఉన్న చిన్న తొట్టిలో సున్నం వేస్తే పీహెచ్ ఎగబాకి విషం ఒక్కసారిగా పెరుగుతుంది. సున్నం చెరువుకే, తొట్టికి కాదు.

చెరువులో సున్నం విలువ తెలిపిన రోగం ఒకటి ఉంది. 1988లో మనదేశంలోకి వచ్చిన ఎర్రపుండ్ల వ్యాధి, శిలీంధ్రంలాంటి ఒక జీవి కండలోకి చొచ్చుకుపోవడం వల్ల వస్తుంది. చలికాలంలో విజృంభిస్తుంది. దీనికి అన్నిటికంటే ఎక్కువ బలయ్యేవాటిలో కొర్రమీను ఒకటి. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా గుర్తింపు పొందిన కొర్రమీనే. రైతులు సున్నం, పసుపు వాడారు. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ ‘సిఫాక్స్’ అనే మందు తయారుచేసింది.

పర్మాంగనేట్‌తో మరింత జాగ్రత్త కావాలి. లీటరుకు 2 మిల్లీగ్రాములు మించకూడదు. ఇంత చిన్న తూకం ఇంట్లో సాధ్యం కాదు. ఒక గ్రాము పొడిని ఒక లీటరు నీటిలో కరిగిస్తే, ఆ ద్రావణంలో ఒక మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము వస్తుంది. 45 లీటర్లకు 90 మిల్లీలీటర్లు. గులాబీ రంగు గోధుమరంగుకు తిరిగిందంటే మందు శక్తి అయిపోయింది. పీహెచ్ ఎక్కువున్న బోరునీటిలో ఇది మొప్పలకు హాని చేస్తుంది. ఫార్మలిన్‌తో ఎన్నడూ కలపకూడదు.

తరచుగా వచ్చే మూడు జబ్బులు

మొదటిది తెల్లమచ్చ, దుకాణాల్లో వైట్ స్పాట్ అంటారు. ఒళ్ళంతా ఉప్పుగళ్ళలాంటి చుక్కలు. ఈ ఏకకణ పరాన్నజీవిని 1876లోనే ఫూకే అనే శాస్త్రవేత్త వర్ణించాడు. చేప చర్మం కింద పెరిగి, రాలిపోయి, అడుగున గట్టి పొరలో వందల పిల్లలుగా విడిపోతుంది. ఆ పిల్లలు ఒకటి రెండు రోజుల్లో మరో చేపను పట్టుకోలేకపోతే చచ్చిపోతాయి. మందులు పనిచేసేది ఈ ఈదే దశలోనే. చర్మం కింద, పొరలోపల ఉన్నవాటిని అవి తాకలేవు. అందుకే ఒక్కరోజు మందు వేసి ఆపేస్తే మళ్ళీ వస్తుంది. నీటిని మెల్లగా 28 నుంచి 30 డిగ్రీలకు తెచ్చి, గాలి పెంచి, ఉప్పు కొనసాగిస్తే దాని జీవిత చక్రం త్వరగా తిరిగి, ఈదే దశ త్వరగా దొరుకుతుంది. చివరి చుక్క రాలిన తర్వాత కూడా ఒక వారం వైద్యం ఆపకూడదు.

రెండోది దూదిలా పట్టే తెగులు. ఇక్కడే చాలామంది పొరబడతారు. పుండు మీద పొడవాటి దూది పోగుల్లా పెరిగేది బూజు. నోటి చుట్టూ, వీపు మీద పొట్టిగా బూడిద తెలుపులో పట్టి, గంటల్లో విస్తరించేది బ్యాక్టీరియా. అది వేడికి విజృంభిస్తుంది. తెల్లమచ్చకు వేడి మందు, దీనికి అదే వేడి ప్రాణాంతకం. పేరు తేల్చకుండా హీటర్ తిప్పకూడదు.

మూడోది చేప పేను. చెరువుల్లో కట్ల, రోహులను పీడించే ఈ పురుగు కంటికి కనిపిస్తుంది. గట్టి వస్తువుల మీద గుడ్లు పెడుతుంది. అందుకే చెరువులో వెదురుబద్దలు పాతి, కొన్నాళ్ళకు తీసి ఎండబెడతారు. గుడ్లు మాడిపోతాయి. తొట్టిలో రాళ్ళు, బొమ్మలు తీసి ఎండలో ఆరబెట్టడం ఇదే సూత్రం. గుడ్లు పొదగడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు కనుక ఆ పని మళ్ళీ చేయాలి.

మనుషుల యాంటీబయాటిక్ బిళ్ళలు పొడిచేసి తొట్టిలో వేసే అలవాటు మానాలి. అవి ఫిల్టర్లోని మంచి బ్యాక్టీరియాను దెబ్బతీస్తాయి, మొండి క్రిములను పెంచుతాయి. టెట్రాసైక్లిన్ అయితే కఠిన జలంలోని కాల్షియంతో అతుక్కుని శక్తి కోల్పోతుంది. జబ్బేదో తేలకపోతే నిపుణులకు చూపించండి. కుళ్ళిన చేప వల్ల ఏమీ తెలియదు. బతికున్న రోగిచేపను ఆక్సిజన్ ప్యాకెట్లో, తొట్టినీటిని విడిగా ఒక సీసాలో తీసుకెళ్ళాలి. 2023లో కేంద్రప్రభుత్వం ‘రిపోర్ట్ ఫిష్ డిసీజ్’ అనే యాప్ కూడా తెచ్చింది. చేపలు పెంచే రైతులు అందులో రోగాల సంగతి తెలపవచ్చు.

కొత్త చేప వచ్చినప్పుడు

చెరువులో పిల్ల వదిలేటప్పుడు ప్యాకెట్‌ను పదిహేను, ఇరవై నిమిషాలు నీటిపై తేలనిచ్చి, మెల్లగా చెరువు నీరు కలిపి అప్పుడు వదులుతారు. ఇంటికి తెచ్చిన చేపకూ అంతే. ఒక అడుగు ముందుకేసి, కొత్త చేపను రెండు మూడు వారాలు వేరే తొట్టిలో ఉంచండి. ఆ ప్యాకెట్ నీరు మీ తొట్టిలో పోయకండి. వల, గొట్టం రెండు తొట్లకు ఒకటే వాడకండి. ఒక ప్లాస్టిక్ టబ్బు, ఒక గాలి పంపు ఖర్చు మందుల సీసాల ఖర్చు కంటే తక్కువ.

చివరగా ఒక విన్నపం. తగ్గని చేపను, విసుగొచ్చిన చేపను మున్నేరులోనో, ఊరి చెరువులోనో, కాలువలోనో వదలకండి. దాంతో పాటు పేను, పుండు, బూజు కూడా వెళతాయి. అక్కడి బొచ్చెలకు, కొర్రమీనులకు, వాటిని నమ్ముకున్న కుటుంబాలకు అవి చుట్టుకుంటాయి. తొట్టి నీటిని కూడా చెరువులోకి పారబోయకుండా మట్టిలో, చెట్టు మొదట్లో పోయండి. మనకు చేప వైద్యం నేర్పిన చెరువును కాపాడుకోవడం చేపలు పెంచే ప్రతి ఇంటి బాధ్యత.