కరెంటు పోతూ చెప్పే మాట

2013 జూలై 8 సాయంత్రం కెనడాలోని మిస్సిసాగా నగరం మీద వాన విరుచుకుపడింది. నగరం హద్దుల్లోనే ఉన్న పియర్సన్ విమానాశ్రయంలో 126 మిల్లీమీటర్లు నమోదైంది. ఊళ్లో చాలాచోట్ల కరెంటు పోయింది. అలాంటి రాత్రి ఇంటర్నెట్ కంపెనీ పర్యవేక్షణ గదిలో తెర మీద లింకులు వరసగా ఎర్రబడుతుంటాయి. అక్కడ కూర్చున్నవాళ్లకు ముందు తేలాల్సింది ఒక్కటే: అవతల కరెంటు పోయిందా, ఫైబర్ తెగిందా? కరెంటైతే ఆగాలి. ఫైబరైతే, అతికేవాళ్లను ఆ వానలోనే పంపాలి.

ఈ తేడా పట్టిచ్చే ఏర్పాటు 2004లో వచ్చిన ఐఈఈఈ 802.3ఏహెచ్ ప్రమాణంలో ఉంది. ఈథర్నెట్ పుట్టింది ఒకే భవనంలోని యంత్రాల కోసం. లోపం వస్తే లేచి వెళ్లి వైరు చూసుకోవచ్చు. మిస్సిసాగాలోని మెడోవేల్‌లో ఉన్న ఒక ఆఫీసుకు కిలోమీటర్ల అవతలి ఎక్స్ఛేంజీ నుంచి అదే ఈథర్నెట్ ఇవ్వాలంటే అలా కుదరదు. పాత టెలిఫోన్ కంపెనీల సోనెట్‌లో తన ఆరోగ్యం తానే చెప్పుకునే ఏర్పాటు మొదటినుంచీ ఉంది. ఈథర్నెట్‌కు దాన్ని తర్వాత అమర్చాల్సి వచ్చింది, అదీ కస్టమర్ డేటాకు అడ్డం రాకుండా.

అమర్చిన తీరు చూడండి. లింకు రెండు చివర్లూ ఓఏఎం (నిర్వహణ) ఫ్రేములనే చిన్న సందేశాలు పంపుకుంటాయి. సెకనుకు పదికి మించవు. ఆ లింకు దాటి ముందుకు పోవు. ఒక్కో ఫ్రేములో జెండాల్లాంటి కొన్ని బిట్లుంటాయి. వాటిలో ఒక బిట్ పేరు డయింగ్ గాస్ప్, అంటే చివరి ఊపిరి. కరెంటు ఆగిపోగానే కస్టమర్ దగ్గరి పెట్టె కెపాసిటర్లలో మిగిలిన కాస్త విద్యుత్తుతో కొన్ని మిల్లీసెకన్లు బతుకుతుంది. ఆ వ్యవధిలోనే ఆ బిట్ వేసి ఫ్రేము పంపేస్తుంది. ఫైబర్ తెగితే ఆ మాట రాదు, మౌనమే వస్తుంది. అయిదు సెకన్లపాటు ఏ సందేశమూ అందకపోతే అవతలివాడు లేడని ఇవతలి చివర తేల్చుకుంటుంది. నాకు ఈ ప్రమాణంలో అన్నిటికన్నా నచ్చింది ఇదే: చెప్పి వెళ్లడానికీ చెప్పకుండా పోవడానికీ మధ్య తేడాను ఒక్క బిట్‌తో పట్టుకున్నారు. ట్రామ్ లైను కోసం హురాన్‌టారియో వీధి పొడుగునా తవ్వకాలు సాగిన ఊళ్లో ఆ తేడా విలువ చెప్పక్కర్లేదు.

ఇంకో బిట్ ఉంది. ఒక వైపు నుంచి వెలుతురు రావడం ఆగి, మరో వైపు పోగలిగినప్పుడు, నీ మాట నాకు అందడం లేదని అవతలికి చెప్పడానికి. అయితే అలా ఒంటిదారిన పంపగల హార్డ్‌వేర్ ఉండాలి. ఇక లూప్‌బ్యాక్. టెక్నీషియన్ వెళ్లకుండానే అవతలి పెట్టెకు ఆజ్ఞ ఇస్తే, వచ్చిన ఫ్రేముల్ని వచ్చినట్టే తిప్పి పంపుతుంది. ఎన్ని పోయాయో ఇక్కడే లెక్క చూసుకోవచ్చు. ఆ కాసేపు కస్టమర్ డేటా ఆగిపోతుంది కనుక, ఆ ఆజ్ఞ ఇచ్చే అధికారం మామూలుగా కంపెనీ వైపే ఉంచుతారు. కస్టమర్ వైపు చివరను పాసివ్‌గా పెడితే దానికి ఆ హక్కే ఉండదు. ఎవరి చేతిలో ఏది ఉండాలో ఇంత వివరంగా ఆలోచించి పెట్టిన రూపకల్పన ఇది.

ఈ ఓఏఎం చూపు ఒక్క లింకుతో సరి. ఊరూరూ దాటే దారి మొత్తాన్ని చూడడానికి 2007లో 802.1ఏజీ వచ్చింది. ఆలస్యం, నష్టం కొలవడానికి ఐటీయూ వారి వై.1731 ఉంది. అయితే లింకులన్నీ బాగున్నా నెట్‌వర్క్ పడిపోవచ్చు: 2022లో, మళ్లీ జూలై 8నే, కెనడా టెలికాం కంపెనీ రోజర్స్ నెట్‌వర్క్ దేశమంతటా ఆగిపోయింది. మార్పుల్లో భాగంగా ఒక ఫిల్టర్ తీసేయడంతో కోర్ రూటర్ల మీద మోయలేనన్ని రూట్లు వచ్చిపడ్డాయి. కోటి ఇరవై లక్షల మందికి పైగా కస్టమర్ల సేవలు నిలిచాయి. అలాంటి పూట లింకు ఓఏఎంను అడిగితే ఫైబర్ బాగానే ఉందంటుంది, నిజమే చెబుతుంది. రోజర్స్ ఇంజనీర్లకు కష్టం మరోచోట వచ్చింది: రూటర్లను చేరుకునే వాళ్ల నిర్వహణ దారి కూడా ఆ కోర్ మీదనే ఆధారపడి ఉంది. ఆ తర్వాత కంపెనీ ఆ దారిని వేరుచేసే పనికి పూనుకుంది.