పెదవి మీద గీత

మూడు నెలల బిడ్డ పై పెదవి, ముక్కు కింది నుంచి ఎర్రని అంచు దాకా కొలిస్తే, సుమారు ఒక సెంటీమీటరు. గ్రహణం మొర్రితో పుట్టిన బిడ్డకు ఆ కాస్త చోటులోనే ముక్కు రంధ్రం దాకా చీలిక. దాన్ని కలపబోయే సర్జన్ కత్తి కంటే ముందు సిరా, కొలత పరికరం అందుకుంటాడు. పెదవి మధ్య పల్లం ఎక్కడ, దానికి రెండు పక్కలా లేచే శిఖరాలు ఎక్కడ, ముక్కు రెక్క ఎక్కడ మొదలవుతుంది అని చూసుకుంటూ చర్మం మీద సన్నటి చుక్కలు పెడతాడు. అవన్నీ అయ్యాకే రక్తస్రావం తగ్గించే మందును సూదితో ఎక్కిస్తాడు. ముందే ఎక్కిస్తే పెదవి ఉబ్బి కొలతలన్నీ తప్పుతాయి. పనిమంతుడెవరో ఈ వరసలోనే సగం తెలిసిపోతుంది.

ఈ పనిలో పేరున్న చోటొకటి మన హైదరాబాద్ పాతబస్తీ పక్కనే ఉంది. చార్మినార్ నుంచి తూర్పుగా సైదాబాద్ వైపు వెళ్తే, ఐ.ఎస్. సదన్ దగ్గర వినయ్‌నగర్ కాలనీలో జీఎస్ఆర్ ఆస్పత్రి. దాన్ని నడిపించే డాక్టర్ గోస్లా శ్రీనివాస రెడ్డి మాక్సిల్లోఫేషియల్ సర్జన్. అంటే బీడీఎస్ చదివి, ఆపైన మూడేళ్ల ఎండీఎస్‌లో నోరు, దవడ, ముఖం మీద శస్త్రచికిత్సలు నేర్చుకునే శాఖకు చెందినవారు. పళ్ల డాక్టరు పెదవి కుట్టడమేమిటని ఊళ్లో పెద్దలు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. అయితే చీలిక చాలాసార్లు పెదవి దగ్గర ఆగదు. చిగురు ఎముకను చీల్చుకుని అంగిలి దాకా పోతుంది, పళ్ల వరసను చెదరగొడుతుంది, పై దవడ ఎదుగుదలను కుంటుపరుస్తుంది. ప్లాస్టిక్ సర్జన్లూ ఈ ఆపరేషన్ చక్కగా చేస్తారు. కానీ దవడ చదివినవాడికి ఈ కథంతా మొదటి నుంచి చివరి దాకా తెలిసి ఉంటుంది.

ఇక గీత సంగతి. పెదవిని ఏ గీత వెంట కోయాలన్నది డెబ్బై ఏళ్లుగా నలుగుతున్న పంచాయితీ. 1955లో అమెరికన్ సర్జన్ రాల్ఫ్ మిల్లార్డ్ ఒక దారి చూపాడు: బాగున్న పక్క ముక్కను కిందికి తిప్పి, చీలిక పక్క ముక్కను ముందుకు జరిపి ఆ ఖాళీలో కూర్చోబెట్టడం. మచ్చ ముక్కు కింద సహజంగా ఉండే గట్టు మీదే పడుతుంది కాబట్టి కళ్లకు ఆనదు. చీలిక వెడల్పుగా ఉంటే మాత్రం పెదవి పొట్టిగా మిగిలిపోయే చిక్కుంది. జర్మన్ సర్జన్ ఫైఫర్ గీత అల మాదిరి వంపులు తిరుగుతుంది. మెలికలుగా పరిచిన దారాన్ని లాగి చూడండి, పొడవు పెరుగుతుంది. ఆ వంపు అంచును సాపు చేసి కుడితే పెదవికి కావలసిన పొడవు అలాగే వస్తుంది.

శ్రీనివాస రెడ్డి బృందం ఈ రెంటినీ ఒకే పెదవి మీద కలిపింది. బాగున్న పక్క మిల్లార్డ్ గీత, చీలిన పక్క ఫైఫర్ గీత. దానికి అఫ్రోజ్ కోత అని పేరు. చెప్పడానికి తేలికే. ఆచరణలో రెండు వేర్వేరు లెక్కలతో కోసిన అంచులు చివరికి ఒకే పొడవుకు రావాలి.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆ తర్వాత చేసిన పని. కొత్త పద్ధతి కనిపెట్టినవాళ్లు మాదే గొప్పని చెప్పుకోవడం మామూలే. వీళ్లు నెదర్లాండ్స్‌లోని నైమేగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులతో కలిసి 1200 మంది రోగుల్లో మూడు కోతల ఫలితాలనూ పక్కపక్కన పెట్టి కొలిచారు. మచ్చ, పెదవి పొడవు, ఎర్రని అంచు, ముక్కు రంధ్రాల పోలిక, అన్నీ. ఆ లెక్క 2010లో 'ప్లాస్టిక్ అండ్ రీకన్‌స్ట్రక్టివ్ సర్జరీ' పత్రికలో వచ్చింది. అఫ్రోజ్ కోతకే ఎక్కువ మార్కులు పడ్డాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పుట్టే ప్రతి వెయ్యి మంది బిడ్డల్లో సగటున 1.09 మందికి ఈ లోపం ఉంటోందని లెక్కగట్టిందీ ఈ బృందమే.

చర్మం కింద ఇంకో పని ఉంది. నోటి చుట్టూ తిరిగే కండరం పోగులు చీలిక దగ్గర దారి లేక పైకి మళ్లి ముక్కు మొదట్లో అతుక్కుంటాయి. వాటిని అక్కడ విడదీసి, అడ్డంగా తిప్పి, అవతలి పక్క పోగులతో కలపాలి. ఇది ఎగ్గొట్టి పైచర్మం మాత్రం కుడితే ఫొటోలో బాగానే ఉంటుంది, బిడ్డ నవ్వినప్పుడు గుట్టు బయటపడుతుంది. ఇక చర్మానికీ ఎర్రదనానికీ మధ్య ఉండే తెల్లటి సన్నగట్టు ఒక్క మిల్లీమీటరు అటూ ఇటూ అయినా ఎదుట కూర్చున్న మనిషి కంట పడుతుంది. పై కుట్లు వేసేది తలవెంట్రుకంత దారంతో.

మత్తు డాక్టరు పనితనాన్ని ఎవరూ తలచుకోరు. ఊపిరి గొట్టాన్ని నోటి మూలకు అంటిస్తే పెదవి అటు లాగుకుపోయి సర్జన్ కొలత చెడుతుంది. అందుకే కింది పెదవికి సరిగ్గా నడుమ, గడ్డం వైపు వంచి అంటిస్తారు.

మొర్రి ఒక్కటే కాదు, దవడ విరిగినా, నోట్లో మానని పుండు పడినా మాక్సిల్లోఫేషియల్ శాఖ వైద్యులే చూస్తారు. అందుకు అఫ్జల్‌గంజ్‌లో, ఉస్మానియా ఆస్పత్రి పక్కన, ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది.

మొర్రి బిడ్డకు సర్జన్‌ను వెతికేవాళ్లు ఎక్కడికి వెళ్లినా కొన్ని అడగాలి. బల్ల మీద తీసిన ఫొటో కాదు, రెండు మూడేళ్ల తర్వాతి ఫొటో చూపించమనండి. అంగిలి ఎవరు కుడతారు, మాట ఎవరు నేర్పుతారు, ఎనిమిది, తొమ్మిదేళ్ల వయసులో చిగురులో ఎముక ఎవరు పెడతారు అని అడగండి. ఒకే కప్పు కింద జవాబు దొరికితే మంచిది. పెదవి ఆపరేషన్‌కు పాత కొలత ఒకటుంది: పది వారాల వయసు, పది పౌండ్ల బరువు, అంటే నాలుగున్నర కిలోలు, పది గ్రాముల హిమోగ్లోబిన్. అందాకా బిడ్డను నిటారుగా పట్టుకుని ఉగ్గుగిన్నెతో కొంచెం కొంచెంగా పాలు పట్టాలి. గ్రహణం పూట కత్తి పట్టావని తల్లిని తిట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ మాట ఆపండి, గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. పిల్లల ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో గ్రహణం మొర్రి ఉంది. పురిటి స్నానం దాకా ఆగకుండా మీ ఊరి పీహెచ్‌సీలో బిడ్డ పేరు రాయించండి.